మునేశ్వరుడికి బాయిలర్ కోడి

"తాగినోడు పర్సు ఎత్తుకుపోతాడప్పా, లేకుంటే చెవుల్లో కమ్మలు పీక్కోని పోతాడు. నా హెల్మెట్ యాల ఎత్తుకుపోయినాడు?"

పుంగనూరులో మంచం మీద కాలు చాచుకుని కూర్చున్న ఉషారాణి నన్ను నిలదీసింది.  జవాబు లేనప్పుడు డిటెక్టివులు గడ్డం గోక్కుంటారు. నేనూ గోక్కున్నాను. గడ్డం దురద తీరింది గాని కేసు దురద తీరలేదు.

నా పేరు గంగాధర్. మదనపల్లెలో ఎరువుల అంగడి మిద్దె మీద 'గంగాధర్ డిటెక్టివ్ ఏజెన్సీ' అని బోర్డు ఉంటుంది. నెత్తిన గంగ లేదు, జుట్టూ లేదు. కింది నుంచి ఎరువు వాసన మాత్రం లోటు లేకుండా వస్తుంది. పొద్దస్తమానం దాంట్లో కూర్చునేవాడు కుళ్లు ఎక్కడున్నా ఇట్టే పసిగడతాడని నా క్లయింట్ల నమ్మకం.

ఈ కేసులో కుళ్లుకు కొదవ లేదు. ఉషారాణి రవికలు కుట్టే మనిషి. మొన్న ఎండాకాలంలో, దీపాలు పెట్టే వేళ, పలమనేరు రోడ్డు మీద స్కూటీలో వస్తుంటే వెనకనుంచి ఒక బండి గుద్ది పడేసింది. కుడికాలు విరిగింది. లోపల కమ్మీలు వేశారు. రెండో ఆపరేషన్ జరిగితేగాని మోకాలు మడత పడదు. మోకాలు మడత పడితేగాని కుట్టుమిషన్ ముందు కూర్చోలేదు. మిషన్ మీద కప్పిన దుప్పటి మీద ఇప్పుడు పిల్లి పడుకుంటోంది.

"మోటారు పెట్టుకోమని అందరూ సెప్తాండారు" అంది నా చూపు గమనించి. "మోటారు పెట్టినా కూసునేది నేనే కదప్పా. కాలు కట్టె మాదిరి చాచుకోని కూసుంటే మిషను కిందికి పోతానా?"

"ఆ పొద్దు జరిగింది మళ్లీ ఒగసారి సెప్పమ్మా."

"నాకు నోరు నొస్తాది గాని నీకు చెవులు నొయ్యవా? పల్టీ కొట్టి బోర్లా పడితి. తల ఎత్తలేకపోతి. బండి ఆపి ఒకడు దిగినాడు. కాలు విరిగిన నొప్పి తెలిసేకి ముందే బ్రాందీ కంపు తెలిసింది నాకు. నల్ల బూట్లు. దగ్గరికొచ్చి ఒక మాట అడిగినాడు సూడు, 'హెల్మెట్ యాల పెట్టుకోలేదు?' అని!"

"దెబ్బ తగిలిందా అని అడగలా?"

"అడగలా. నీళ్లు కావాల్నా అనలా. 'పెట్టుకోనే ఉంటి, పడినప్పుడు ఊడిపోయ, అదో ఆడ పడుండాది సూడు' అంటి. పోయి దాన్ని ఎత్తుకోని బండెక్కి ఎల్లిపోయ. ఎత్తాల్సింది నన్నా, హెల్మెట్‌నా? నువ్వే సెప్పు."

"గొంతు గుర్తుండాదా?"

"ఆ గొంతు పెండ్లి భజంత్రీల్లో వినబడినా పట్టుకుంటా."

ఆ గొంతు ఎవరిదో తెలుసుకునే పని పోలీసులకు లేకుండా పోయింది. మరునాడు కుప్పుస్వామి అనే జీపు డ్రైవరు స్టేషన్‌కు నడిచి వెళ్లి, "నేనే గుద్దినా సామీ" అని లొంగిపోయాడు. కుప్పంలో గ్రానైట్ రాళ్లు కోయించే చెంగల్రాయప్ప దగ్గర పని అతనికి. ముందురోజు తాగింది మరునాడు కొలిస్తే ఏముంటుంది? తాగలేదని రాశారు. హెల్మెట్ దొరకలేదు కాబట్టి ఉషారాణి పెట్టుకోలేదని కూడా రాశారు. హెల్మెట్ లేకపోతే నష్టపరిహారంలో కోత. ఈ దేశంలో నష్టం పేదవాళ్లది, పరిహారం పెద్దవాళ్లది, హారాలు మాత్రం మంత్రులవి.

అయినా జీపుకు బీమా ఉందన్న ధీమాతో ఆమె మదనపల్లెలో ప్రమాదాల కోర్టుకెక్కింది. అప్పుడు దిగాడు బీమా కంపెనీ ఇన్వెస్టిగేటర్ యువరాజ్. ఆ జీపు ఆ ప్రమాదమే చేయలేదట. ఉషారాణి డ్రైవరుకు లంచమిచ్చి ఆడించిన నాటకమట. సోమవారం కోర్టులో ఆ రిపోర్టు పెడతాడు. పెడితే ఆపరేషన్ సంగతి దేవుడెరుగు, కుంటికాలితో ఆమె మోసం కేసులో ముద్దాయి అవుతుంది.

ఈరోజు శనివారం.

"ఆ యువరాజ్ నిన్ను ఏమేం అడిగినాడమ్మా?"

"ఎవురు? ఆయప్ప ముఖమే నేనింతవరకు సూడలా. ఆఫీసు నుంచి ఎవరినో పంపించి సంతకం పెట్టించుకోనిపోయ."

వంకాయను చూడకుండానే పుచ్చని రాసేసే దర్యాప్తు అన్నమాట. నేను బండి తీశాను.

*

కుప్పంలో చెంగల్రాయప్ప రాళ్ల యార్డు గేటు దాటగానే నాకు స్వాగతం పలికింది యువరాజే.

"వచ్చినాడప్పా మదనపల్లె టమేటా! ఏం గంగాధరప్పా, ధర పడిపోయిందా? ఇంత దూరం వచ్చినావు."

"ధర పడినా టమేటా టమేటానే యువరాజా. మీ ఆఫీసులో మాదిరి మామిడికాయ అని రిపోర్టు రాయం."

ఇతనికి యాభై దాటాయి, యువ కాదు. అద్దింట్లో కాపురం, రాజూ కాదు. పేరులోనే రెండు అబద్ధాలు పెట్టుకున్నవాడు రిపోర్టులో ఎన్ని పెడతాడో మీరే ఆలోచించండి. బండలు పగిలే ఎండలో పొడుగు చేతుల చొక్కా వేసి, మణికట్టు దాకా గుండీలు పెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అది ఎండ ఎరుపు కాదు. ఇరవై ఏళ్లుగా అతని వృత్తి ఒకటే: కాలు పోయినవాడి చెప్పుల్లో, చెయ్యి పోయినవాడి గాజుల్లో తప్పు వెతకడం. శవం నిలబడి సాక్ష్యం చెప్పినా, "నిలబడగలుగుతోంది కాబట్టి దెబ్బ చిన్నదే" అని రాయగల సమర్థుడు. చెంగల్రాయప్ప పెట్టే దొంగ బిల్లుల్లో మాత్రం ఆ కళ్లకు ఏ తప్పూ కనబడదని మా వృత్తిలో అందరూ చెప్పుకుంటారు.

అతని తెల్లకారు నీడలో నిలబడి ఉంది. ఒళ్లంతా పాత తెలుపు, ముందు బంపరు మాత్రం తళతళా కొత్త తెలుపు.

"మీ కారు పండ్లసెట్టు కట్టించుకున్నట్టుండాదే! బంపరు ఆఫర్‌లో వచ్చిందా?"

యువరాజ్ నవ్వలేదు. నా జోకులకు జనం నవ్వకపోవడం నాకు అలవాటే కాబట్టి పట్టించుకోలేదు. పట్టించుకుని ఉండాల్సింది.

యార్డు చివర పచ్చ జీపు ఉంది. ముందు భాగంలో ఒక సొట్ట. సుత్తితో కొట్టి చేసిన సొట్ట. స్కూటీ తగిలితే అలా గుండ్రంగా పడదు. దానికంటే నన్ను ఆపింది ముందు వేలాడుతున్న నిమ్మకాయ. ఎండి నల్లబడి గోలీకాయలా అయింది. పక్కన మిరపకాయలు ఎలుక తోకల్లా ముడుచుకుపోయాయి. లోపలికి తొంగి చూశాను. స్టీరింగ్ చుట్టూ ఏమీ లేదు. రోజూ పట్టే చేతుల జిడ్డు తప్ప.

డ్రైవరు కుప్పుస్వామి టైరు మీద కూర్చుని బీడీ ఆర్పాడు. సన్నటి మనిషి. అతని ఒంట్లో యువరాజ్‌కేసి చూసే కళ్లు తప్ప ఇంకేమీ కదలడం లేదు.

"నువ్వేనా గుద్దింది?"

"నేనే సార్. నాకేమీ తెలీదు సార్."

"ఏమీ తెలీకుండా ఎట్ల గుద్దినావు?"

"గుద్దేదానికి తెలివి యాల సార్?"

మాటలో న్యాయం ఉంది. "స్కూటీని ముందర గుద్దినావా, వెనకనా?"

అతని చూపు యువరాజ్ మీదికి పోయింది. "పక్కన సార్."

"పోలీసులు వెనక అని రాసినారే?"

"అయితే వెనకే సార్."

యువరాజ్ చప్పట్లు కొట్టాడు. "సూసినావా? గుద్దినోడికే యాడ గుద్దినాడో తెలీదు! నేను రాసింది కూడా అదే. ఈ జీపు ఆ పక్కకే పోలా. వీడు దుడ్లకు ఆశపడి లొంగిపోయినాడు. ఆయమ్మే వీన్ని మాట్లాడుకోనుండాది. సోమవారం వీడు కోర్టులో అదే సెప్తాడు. ఏం రా?"

"అదే సెప్తా సార్."

"ఆయమ్మ నిన్ను యాడ కలిసింది కుప్పుస్వామీ?" అని నేను.

"ఏ ఆయమ్మ సార్?"

"ఉషారాణి."

"ఉషారాణి ఎవరు సార్?"

"గమ్మునుండరా నువ్వు!" యువరాజ్ గొంతు యార్డులో రాళ్లకు కొట్టుకుని తిరిగి వచ్చింది.

అంటే వీడికి తాను గుద్దిన మనిషీ తెలియదు, తనకు లంచమిచ్చిన మనిషీ తెలియదు. ఒకే ఆడమనిషిని రెండుసార్లు ఎరగకపోవడం మామూలు తెలివితో అయ్యే పని కాదు. వీడి చేత పాఠం ఒప్పజెప్పిస్తున్న పంతులు పక్కనే ఉన్నాడు. అయితే అది నా నోటి మాట. కోర్టుకు నోటిమాట చాలదు.

మళ్లీ ఆ ఎండు నిమ్మకాయకేసి చూశాను.

"సరే గానీ కుప్పుస్వామీ, ఈ జీపుకు మునేశ్వరుడి కాడ కోడి ఎప్పుడు కోసినావు?"

మదనపల్లె నుంచి కుప్పం దాకా స్టీరింగ్ పట్టేవాడు ఎవడైనా సరే, హిందువైనా ఇంకొకడైనా, తాగినా మానినా, ఒక సంగతిలో మాత్రం తప్పు చేయడు. మనిషి రక్తం చూసిన బండిని దారి కాచే దేవుడు మునేశ్వరుడి ముందు నిలబెట్టాలి. టైర్ల కింద నిమ్మకాయలు నలగాలి. చక్రం ముందు కోడి తెగాలి. స్టీరింగ్‌కు నల్లతాడు పడాలి. అప్పటిదాకా ఆ బండి ఎక్కడు. ఎక్కితే అదే చక్రం తన మీదికి తిరుగుతుందని భయం. ఈ కుప్పుస్వామి ఆ జీపును రోజూ తోలుతున్నాడు. స్టీరింగ్‌కు తాడు లేకుండా, ఆ ఎండు నిమ్మకాయతోనే!

కుప్పుస్వామి చటుక్కున లేచి నిలబడ్డాడు. మొదటిసారి అతని గొంతులో నిజం పలికింది.

"శివశివా! కోడి కొయ్యకుండా ఎక్కుతామా సార్? నాకు పెండ్లాం బిడ్డలు లేరా? దీనికి రక్తం యాడ తగిలింది, ఇది మంచి బండి సార్, ఇది..."

నాలుక కరుచుకున్నాడు. ఆలస్యంగా కరుచుకున్న నాలుక వల్ల ఉపయోగం లేదు, మంట తప్ప.

"పోలీసు లాకప్పుకు ఒప్పుకున్నోడివి, రక్తం చూసిన బండిని కోడి లేకుండా ఎక్కేదానికి ఒప్పుకోవు. అంతేనా?" అన్నాను.

"మూఢనమ్మకాలు కోర్టులో చెల్లవు గంగాధరప్పా" అన్నాడు యువరాజ్. కుడిచేత్తో ఎడమ మణికట్టు మీది గుండీని రుద్దుకుంటున్నాడు. "కోడిని సాక్షిగా పిలిపిస్తావా? ప్రమాణం ఎవరు చేయిస్తారు?"

"చచ్చిన కోడి నీకంటే మేలు యువరాజా. అబద్ధం సెప్పదు. గుద్దిన అసలు బండి వేరే ఉండాది. ఆ బండి తోలినోడు కూడా ఈ నేల మీదోడే. వాడు మునేశ్వరుడి దగ్గరికి పోకుండా ఉండడు."

"పో. పోయి కోళ్లను విచారించుకో. సోమవారం నా రిపోర్టులో ఉషారాణి పక్కన నీ పేరు గూడా పెడతా. దొంగక్లెయిముకు తోడుదొంగ అని."

"క్లెయిము మాది, క్లైమాక్సు నీది" అని బండి తన్నాను. అద్దంలో చూస్తే యువరాజ్ కుప్పుస్వామి చొక్కా పట్టుకుని ఉన్నాడు.

*

ఆ మునేశ్వరుడు పలమనేరు దాటి పుంగనూరు వచ్చే దారిలో, కొండ మలుపు దగ్గర ఉన్నాడు. గుద్దినవాడు ఈ రోడ్డు మీదే గుద్దాడు కాబట్టి ఇక్కడికే రావాలి. మలుపులో రోడ్డుకు ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క గుడి, గుడి వెనక లోయ. నా బండి దూరంగా చింతచెట్టు కింద ఆపి, హెల్మెట్‌ను అద్దానికి తగిలించి నడిచాను.

పూజారి కొండప్ప నుదుటి నిండా విభూతి పూసుకుని సెల్‌ఫోన్‌లో పేకాట ఆడుతున్నాడు.

"కోడి యాడ?" అన్నాడు తలెత్తకుండా.

"నేను కోడి తేలేదు సామీ. ఒక మాట అడగాలని వచ్చినా."

"కోడి లేకుండా మునేశ్వరుడు మాట్లాడడు."

"మునేశ్వరుడితో కాదు, నీతోనే."

"ఆయనే మాట్లాడకుంటే నేనెట్ల మాట్లాడతా? ఆయనకంటే పెద్దోన్నా?"

పక్కన అంగట్లో నిమ్మకాయల దండ కొని దేవుడికి వేయించాను. కొండప్ప పేకాట ఆపి కొంచెం కరిగాడు. పూర్తిగా కాదు, నిమ్మకాయంత.

"ఎండాకాలంలో ఒక బండి వచ్చుంటాది సామీ. మనిషిని గుద్దిన బండి."

"గుద్దకుండా ఈడికి యాలొస్తాడు?"

"తాగి గుద్దినోడు."

"తాగకుండా యాల గుద్దుతాడు?"

"నల్ల బూట్లు ఏసుకున్న పెద్దమనిషి సామీ. డ్రైవరు కాదు. సొంత బండి."

కొండప్ప ముఖం ఉన్నట్టుండి చిట్లింది. దేవుడి వైపు తిరిగి రెండు చెంపలూ వేసుకున్నాడు. "బాయిలరప్పనా నువ్వడిగేది?"

"ఎవరా బాయిలరప్ప?"

"మునేశ్వరుడికి బాయిలర్ కోడి తెచ్చినాడప్పా! నా తాత కాలం నుంచి ఈ గుడిలో ఇట్లాంటి పాపం జరగలా. తెల్లంగా, మెడ కూడా నిలబడని కోడి. దాన్ని కోసేదేముండాది, అదే సచ్చేట్లుండాది! నాటు పుంజు తెచ్చేదాకా కత్తి తియ్యనంటి. 'రెంటికీ రేటు ఎంత తేడా ఉండాదో తెల్సునా' అని నాతో వాదం పెట్టుకునె. మనిషిని గుద్దొచ్చి దేవుడితో బేరం! 'అయితే పో, నీ బండి నీ ఇష్టం, నీ సావు నీ ఇష్టం' అంటి. మర్నాడు పుంజు పట్టుకోని పరిగెత్తుకోనొచ్చినాడు."

"ఏం బండి?"

"తెల్లకారు. ముందర పగిలిండె."

తెల్లకార్లు మా జిల్లాలో కాకులకంటే ఎక్కువ. "తాడు కట్టినావా?"

"స్టీరింగుకు ఒకటి. తోలినోడి ఎడమచేతికి ఒకటి. ఏడాది తిరిగేదాకా ఇప్పకూడదని సెప్పినా. ఇప్పితే అదే బండి కింద పోతాడు."

నా బుర్రలో ఏదో కదిలింది. పొడుగు చేతుల చొక్కా. మణికట్టు మీది గుండీ. ఇంకా కదులుతుండగానే కొండప్ప మళ్లీ అందుకున్నాడు.

"ఇంకో సంగతి అడిగినా. దెబ్బ తిన్న మనిషి వస్తువు ఏదైనా బండిలో ఉండాదా అని. ఉంటే ఈడ్నే వదిలిపెట్టాల. రక్తం తగిలింది ఇంటికి తీసుకోనిపోతే దోషం ఎంటబడతాది. కాల్చకూడదు, పారెయ్యకూడదు. మొదట లేదనె. పుంజు గిలగిల కొట్టుకునేది సూసి జడిసె. పోయి డిక్కీ తీసె."

నేను గుడి వెనక్కి పరిగెత్తాను. నా వయసుకూ పొట్టకూ అది పరుగే.

గుడి వెనక గోడకు ఆనుకుని ఒక కుప్ప. పగిలిన అద్దాలు, దీపాల డొప్పలు, వంగిపోయిన నంబరు పలకలు, లారీ హారన్లు. ఒక ఆడమనిషి చెప్పు, ఒక్కటే. ఒక పలక, బలపం కట్టిన దారంతో సహా. దాని మీది దుమ్ము చొక్కా కొసతో తుడిచి, గోడకు ఆనించి పెట్టాను. 

తెల్ల బంపరు ముక్క ఒకటి కనిపించింది. దాని మీద వంగపండు రంగు గీత. ఉషారాణి స్కూటీది వంగపండు రంగు. ఆ ముక్క కింద అదే రంగు హెల్మెట్. వెనక భాగం పగుళ్లిచ్చింది. తిప్పి చూశాను. లోపల పచ్చ పట్టుగుడ్డ, అంచుకు జరీ. సన్నటి కుట్టు.

ఉషారాణికి ఫోన్ చేశాను.

"అమ్మా, నీ హెల్మెట్ లోపల ఏముండె?"

"నా తలకాయ ఉండె."

"అది కాదమ్మా, లోపల గుడ్డ."

"చెమట పడతాదని నేనే పట్టుగుడ్డ కుట్టుకుంటి. పక్కింటి నాగమ్మ రవికలో మిగిలిన ముక్క. పచ్చది, జరీ అంచు. నాగమ్మకు సెప్పబాకప్పా, ముక్క మిగల్లేదని ఆయమ్మకు సెప్పిండా..." మాట మధ్యలో ఆగింది. "దొరికిందా?"

"నా చేతిలో ఉండాది."

అవతల మంచం కిర్రుమంది. తర్వాత, "పగిలిందా?" అంది.

"వెనక పక్క పగిలింది."

"అంటే నేను పెట్టుకోనుంటినని ఇంక కోర్టులో ఎవరూ కాదనలేరు కదా? నేను దొంగ కాదని..."

"లేరమ్మా. ఈ పూజారే సాక్షి. సోమవారం..."

కారు బ్రేకు కీచుమంది. నేను ఫోన్‌ను అలాగే చొక్కా జేబులో వేసుకుని, హెల్మెట్ పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాను.

తెల్లకారు. కొత్త బంపరు. దిగింది యువరాజ్. అతని కంటే ముందు బ్రాందీ వాసన దిగింది. నల్ల బూట్లు తళతళలాడుతున్నాయి. ఇంతసేపూ నా జోకుల మీద చూపిన శ్రద్ధ ఆ బూట్ల మీద చూపి ఉంటే ఈ ప్రయాణమే తప్పేది.

"ఆ హెల్మెట్ ఇట్లియ్" అన్నాడు నెమ్మదిగా, బెదిరింపు బయటికి తెలియకుండా. "కంపెనీ తరఫున స్వాధీనం చేసుకుంటాండా."

"ఏ కంపెనీ తరఫున? బీమా కంపెనీనా, బ్రాందీ కంపెనీనా?"

"ఎగతాళి వద్దు. నీకు ఏం కావాలో సెప్పు. ఆయమ్మకు ఏం కావాలో సెప్పు. రిపోర్టు మార్చి రాస్తా. ఆపరేషన్‌కు సరిపోయేంత వచ్చేట్ల సూస్తా. నాది ఒక్క సంతకం."

"జీపే గుద్దిందని రాస్తావా?"

"రాస్తా."

"గుద్దలేదని రాసిన చేత్తోనే?"

అప్పుడు గుడిలోంచి కొండప్ప బయటికొచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. ముఖం విచ్చుకుంది.

"వచ్చినావా బాయిలరప్పా! మళ్లీ ఎవరిని గుద్దినావు? ఈసారైనా మొదట్నే నాటుది తెచ్చినావా?"

యువరాజ్ ఎడమచెయ్యి జేబులో పెట్టుకోబోయాడు. నేను ముందుకు వంగి అతని ఎడమ గుండీ పట్టి లాగాను. గుండీ ఎగిరిపోయింది. మణికట్టు మీద నల్లతాడు, రెండు ముడులతో.

"నా ముడే" అన్నాడు కొండప్ప గర్వంగా.

నాకంతా ఒక్కసారి తేటపడింది. తాగి గుద్దినవాడు ఇతనే. తన కారును దాచడానికి, తాను దొంగ బిల్లులు పాస్ చేసి పెట్టిన చెంగల్రాయప్పను అడిగి జీపునూ డ్రైవరునూ నిలబెట్టాడు. కేసు జీపు మీదికి పోయాక, తాను పెట్టిన జీపును తానే పీకేయడానికి రిపోర్టు రాశాడు. జీపు కాదు, కారు లేదు, మిగిలేది కుంటికాలితో ఉషారాణి ఒక్కతే. తన గొంతు గుర్తుపడుతుందని ఆమె గడప తొక్కలేదు. హెల్మెట్ ఎందుకు ఎత్తుకుపోయాడు? ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని అదే కదా! దెబ్బ తిన్నవాడి తప్పు వెతకడం, దొరక్కపోతే తయారు చేయడం. తాగి ఒళ్లు తెలియకపోయినా వృత్తిధర్మం మరిచిపోలేదు. పోలీసును మోసం చేశాడు, కోర్టును మోసం చేయబోయాడు. గిలగిల కొట్టుకునే ఒక కోడిపుంజుకు మాత్రం జడిసి, సాక్ష్యాన్ని తానే తెచ్చి దేవుడికి అప్పజెప్పాడు. అది కూడా మొదట బాయిలర్‌తో సరిపెట్టాలని చూశాడు!

"నీ అంత పిసినారి నేరస్తుణ్ణి నేను సూడలేదు యువరాజా" అన్నాను. "నాటుకోడితోనే వచ్చుంటే ఈ పూజారికి నీ ముఖం కూడా గుర్తుండేది కాదు."

అతను వెనక్కి నడిచి కారెక్కాడు. తలుపు మూసుకుంది. ఇంజన్ స్టార్ట్ అయింది. పారిపోతున్నాడనుకున్నాను. కారు కొంచెం వెనక్కి పోయి ఆగింది, ముందు చక్రాలు నా వైపు తిరిగాయి. ఒక పక్క నిలువు బండ. ఇంకో పక్క గుడి అరుగు, దాన్ని ఆనుకుని లోయ. నా బండి, నా హెల్మెట్ అంత దూరంలో చింతచెట్టు కింద.

కొండప్ప అరుగు మీద నోరు తెరిచి నిలబడిపోయాడు.

యువరాజ్ కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. నా బట్టతలకేసి పరీక్షగా చూశాడు. ఎంత తాగినా, ఎంత మునిగినా, ఆ చూపులో ఇరవై ఏళ్ల అలవాటు ఉంది.

"హెల్మెట్ యాల పెట్టుకోలేదు, గంగాధరప్పా?"

నా జేబులోంచి అరుపు వచ్చింది. ఆపడం మరిచిపోయిన ఫోన్.

"అప్పా! ఆ గొంతే! వాడే! వాడే అప్పా!"

కొండప్ప విన్నాడు. యువరాజ్ కూడా విన్నాడు. ఇంజన్ రొద పెరిగింది.

నేను ఉషారాణి హెల్మెట్‌ను రెండు చేతులా నెత్తిన పెట్టి నొక్కాను. బాగా బిగుతు. నాగమ్మ పట్టుగుడ్డ నా బట్టతలకు చల్లగా తగిలింది.

"పెట్టుకున్నా యువరాజా" అన్నాను. "ఇంక పరిహారంలో కోత లేదు."

కారు కదిలింది.